ఊరంతా ఎదురుచూసే ఐదో రోజు

సెలవులకి పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన మీ అన్నయ్య నిన్న భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేశాడు. పాల్ స్కీన్స్ అనే బేస్‌బాల్ కుర్రాడు తమ ఊరికి అందరికన్నా ఇష్టమైన ఆటగాడు కాగలడా అని. మీకు బేస్‌బాల్ తెలీదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం నిద్రపట్టేదాకా అదే ఆలోచన. బంతి గాలిలో ఎలా ప్రయాణిస్తుందన్న లెక్క ఉంది ఆ ప్రశ్నలో. మోచేతి లోపల ఏముందన్న సంగతి ఉంది. ముక్కూమొహం తెలియని మనిషిని లక్షలమంది ‘మనవాడు’ అని ఎందుకు అనుకుంటారన్న మనసు శాస్త్రమూ ఉంది. రండి, ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

ముందు ఊరి సంగతి. పిట్స్‌బర్గ్ అనగానే మన పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది పెన్ హిల్స్ కొండమీద ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి. తిరుమల గుడి నమూనాలో కట్టి 1977లో కుంభాభిషేకం చేశారు. అమెరికాలో మొదట్లో వెలసిన గుళ్ళలో అదొకటి. ఆ రోజుల్లో దూరదూరపు రాష్ట్రాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు కూడా పిల్లల్ని కార్లలో వేసుకుని అక్కడికి వెళ్ళేవి. ఒకప్పుడు ఉక్కు కొలుములతో బతికిన ఊరది. మూడు పెద్ద జట్లున్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌కి స్టీలర్స్, ఐస్ హాకీకి పెంగ్విన్స్, బేస్‌బాల్‌కి పైరేట్స్. మూడింటి రంగులూ ఒకటే, నలుపూ బంగారు పసుపూ. స్టీలర్స్ ఆరుసార్లు సూపర్ బౌల్ గెలిచారు. పెంగ్విన్స్ ఐదుసార్లు స్టాన్లీ కప్ ఎత్తారు. పైరేట్స్ ఆఖరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1979లో. అది చాలదన్నట్టు 1993 నుంచి 2012 దాకా వరసగా 20 ఏళ్ళు గెలిచిన మ్యాచ్‌లకన్నా ఓడినవే ఎక్కువ. అంటే ఆ ఊళ్ళో పుట్టి, బడికెళ్ళి, కాలేజీలో కూడా చేరిన పిల్లలు తమ బేస్‌బాల్ జట్టుకి ఒక్క మంచి ఏడాదైనా ఉండగా చూడలేదు.

ఆ పైరేట్స్‌కి మన దేశంతో కూడా ఒక ముడి ఉంది. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 2008లో ఒక టీవీ పోటీలో ముందు నిలిచి, అమెరికా వెళ్ళి బంతి విసరడం నేర్చుకుని, ఆ ఏడాది చివర్లో పైరేట్స్‌తో ఒప్పందం రాసుకున్నారు. అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో చేరిన తొలి భారతీయులు వాళ్ళే. పై లీగ్ దాకా వెళ్ళలేకపోయారుగానీ, బల్లెం విసిరే చెయ్యి బేస్‌బాల్‌కీ పనికొస్తుందన్న ఆలోచన మాత్రం చాలా మంచిది. ఎందుకో బంతి విసిరే తీరు దగ్గరికి వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

స్కీన్స్ 2002లో కాలిఫోర్నియాలో పుట్టాడు. ఎత్తు ఆరున్నర అడుగులు. యుద్ధవిమానం నడపాలని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చేరి, రెండేళ్ళయ్యాక లూయిజియానా స్టేట్ యూనివర్సిటీకి మారాడు. 2023లో ఆ యూనివర్సిటీ కాలేజీల ఛాంపియన్ అయింది. అదే ఏడాది కొత్త ఆటగాళ్ళ ఎంపికలో పైరేట్స్ అతన్ని అందరికన్నా ముందు తీసుకున్నారు. 2024 మే 11న పిట్స్‌బర్గ్ మైదానంలో షికాగో కబ్స్ మీద మొదటి మ్యాచ్ ఆడాడు. మధ్యలో వాన పడి ఆట రెండు గంటలకు పైగా ఆగింది. అతను దిగిపోయాక వచ్చిన పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, పరుగుల్ని నీళ్ళలా పారబోశారు. చివరికి పైరేట్స్ 10-9తో గట్టెక్కారు. ఊరు మాత్రం ఇంటికెళ్తూ చెప్పుకున్నది ఒక్క సంగతే: ఆ కుర్రాడు 17 బంతుల్ని గంటకి 100 మైళ్ళు, అంతకుమించిన వేగంతో విసిరాడు.

100 మైళ్ళంటే 161 కిలోమీటర్లు. మీకు క్రికెట్ తెలుసు కాబట్టి ఇది పట్టుబడుతుంది. 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అఖ్తర్ ఇంగ్లండ్ మీద వేసిన 161.3 కిలోమీటర్ల బంతి ఇవాళ్టికీ క్రికెట్‌లో రికార్డు. అఖ్తర్ బౌండరీ దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తే గాని రాని వేగం స్కీన్స్‌కి నిలబడ్డ చోటునుంచే ఎలా వచ్చింది? బౌలర్ మోచేతిని 15 డిగ్రీలకు మించి చాచకూడదని క్రికెట్‌లో నియమం. బేస్‌బాల్ పిచర్‌కి ఆ అడ్డు లేదు. ఎడమకాలు ముందుకి చాపి నేలని తన్నుతాడు. ఆ ఊపు నడుముకి, నడుమునుంచి ఛాతీకి, ఛాతీనుంచి భుజానికి, అక్కణ్ణుంచి మోచేతికి, ఆఖరున వేళ్ళకి చేరుతుంది. ఒక్కో భాగం ఆగుతూ తన వేగాన్ని ముందున్న దానికి అప్పజెబుతుంది. ఆఖరి క్షణంలో భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకి 7,000 డిగ్రీల దాకా ఉంటుందని కెమెరాలతో కొలిచారు. మనిషి శరీరంలో కొలిచిన కదలికల్లో అంత వేగమైనవి చాలా అరుదు.

ఇప్పుడు బ్యాటర్ వైపు చూడండి. పిచర్ నిలబడే మట్టి దిబ్బ నుంచి బ్యాటర్ ముందున్న హోమ్ ప్లేట్‌కి దూరం 18.44 మీటర్లు. పిచర్ ఒక పెద్ద అంగ వేసి రెండు మీటర్లు ముందుకొచ్చి బంతి వదులుతాడు కాబట్టి ప్రయాణం ఇంకా తగ్గుతుంది. 100 మైళ్ళ బంతి 0.4 సెకనుకన్నా కాస్త ముందే వచ్చేస్తుంది. ఆ బంతిని కన్ను చూసి మెదడుకి చేరవెయ్యడానికే ఇందులో దాదాపు 0.1 సెకను పోతుంది. బ్యాట్ తిప్పడానికి మరో 0.15 సెకను కావాలి. కొట్టాలా వద్దా, ఎత్తుగానా కిందగానా అని తేల్చుకోవడానికి మిగిలేది ఏపాటి? బంతి సగం దారి రాకముందే నిర్ణయం అయిపోవాలి. మిగతా సగం దారి బ్యాటర్ చూసినా చూడకపోయినా ఒకటే.

ఆ మిగతా సగంలోనే స్కీన్స్ తన పని కానిస్తాడు. చేతిలో ఒక బంతి పట్టుకోండి, మన క్రికెట్ బంతైనా ఫరవాలేదు. చూపుడువేలూ మధ్యవేలూ కుట్టుకి అడ్డంగా పైన పెట్టి, వదిలేటప్పుడు వేళ్ళతో వెనక్కి గీసినట్టు లాగండి. బంతి వెనక్కి తిరుగుతూ ముందుకి పోతుంది. బేస్‌బాల్ బంతి మీద 108 జంట కుట్లుంటాయి. అవి చుట్టూ ఉన్న గాలిని పట్టి లాక్కుపోతాయి. వెనక్కి తిరిగే బంతి తన వెనకాల గాలిని కిందికి నెడుతుంది, కాబట్టి గాలి బంతిని పైకి నెడుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. 0.4 సెకనులో భూమి ఆకర్షణకి ఏ వస్తువైనా 78 సెంటీమీటర్లు కిందికి పడాలి. చక్కగా వెనక్కి తిరిగే బంతిని గాలి అందులో దాదాపు సగం దాకా ఆపుతుంది. బంతి నిజంగా పైకి లేవదు. బ్యాటర్ కన్ను అనుకున్నంత పడదు, అంతే. అందుకే అతని బ్యాట్ బంతి కిందనుంచి పోతుంది.

స్కీన్స్ దగ్గర స్ప్లింకర్ అనే ఇంకో బంతి ఉంది. దాని వేగం 94 మైళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. చెయ్యి అదే, ఊపు అదే, బంతి బయటికి వచ్చే చోటూ అదే. తిరగడం మాత్రం తక్కువ, తిరిగే వాలూ వేరు. కాబట్టి గాలి ఆసరా తగ్గి, హోమ్ ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి బంతి జారి కింద పడుతుంది. బ్యాటర్ తేల్చుకోవాల్సిన ఆ మొదటి సగం దారిలో రెండు బంతులూ ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది అతని నిర్ణయం అయిపోయాకే. మామూలు బంతి ఏది, జారే బంతి ఏది అని లోకంలో గొప్ప బ్యాటర్లకే అంతు చిక్కలేదంటే అది వాళ్ళ చేతకానితనం కాదు. కంటికీ కండరానికీ మధ్య నరాలు వార్త మోసే వేగానికి ఉన్న హద్దు అది.

ఇంత ప్రతిభ ఉంటే ఊరు ఇట్టే దాసోహం అనాలి కదా అంటారు మీరు. అక్కడే మోచెయ్యి అడ్డమొస్తుంది. మొదటి మ్యాచ్ అయిన ఆరు రోజులకి, మే 17న, షికాగోలో స్కీన్స్ మళ్ళీ ఆడాడు. మొదటి ఏడుగురు బ్యాటర్లనీ వరసగా స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. ఆరు ఇన్నింగ్స్ అయ్యేసరికి అవతలివాళ్ళకి ఒక్క హిట్ కూడా లేదు, అంటే బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరినవాడు లేడు. 11 మంది స్ట్రైకౌట్. అంతవరకు 100 బంతులు వేశాడు. మేనేజర్ ఇక చాలన్నాడు. జులై 11న మిల్వాకీలో మళ్ళీ అదే జరిగింది. ఏడు ఇన్నింగ్స్‌లో హిట్ లేదు, 11 స్ట్రైకౌట్లు, 99 బంతులకి దింపేశారు. పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్ హిట్ ఇవ్వకుండా ముగిస్తే ఆ ఆట పేరు చరిత్రలో ఉండిపోతుంది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావాల్సొచ్చింది. టీవీ ముందు కూర్చున్న జనం ఎంత గింజుకుని ఉంటారో ఊహించండి.

ఎందుకు దింపేస్తారో మీ చెయ్యే చెబుతుంది. మోచేతిని కాస్త వంచి, లోపలివైపు, అంటే శరీరం వైపు పొడుచుకొచ్చిన ఎముకని తడమండి. ఆ ఎముక నుంచి ముంజేతి ఎముకకి ఒక చిన్న పట్టీ బిగించి ఉంటుంది. దాన్ని లిగమెంట్ అంటారు. భుజం వెనక్కి వంగి ఒక్కసారిగా ముందుకి తిరిగేటప్పుడు ముంజేతిని మోచేతినుంచి పెరికెయ్యబోయే మెలి పుడుతుంది. ప్రయోగశాలలో ఆ పట్టీని ఒంటరిగా పరీక్షిస్తే ఎంత మెలికి తెగుతుందో, వేగంగా విసిరిన ప్రతి బంతికీ మోచేతి మీద అంతకు దాదాపు రెట్టింపు మెలి పడుతుంది. మిగతా భారం చుట్టూ ఉన్న కండరాలు మోస్తాయి. కండరాలు అలిసిపోయినప్పుడు ఆ భారమంతా ఎవరిమీద పడుతుందో మీరే చెప్పండి.

1974లో లాస్ ఏంజలస్ జట్టు పిచర్ టామీ జాన్‌కి ఈ పట్టీ తెగింది. అప్పటిదాకా అలా తెగితే పిచర్ ఇంటికెళ్ళడమే. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు కుడి ముంజేతినుంచి ఒక స్నాయువు తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు తొలిచి, అందులోంచి దూర్చి కట్టాడు. 1976లో టామీ జాన్ మళ్ళీ మైదానంలోకి వచ్చి, ఆ తర్వాత ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు. వైద్యంలో నేను గుండెలమీద చెయ్యి వేసుకుని మెచ్చుకునే పనుల్లో అదొకటి. ఇవాళ ఆ ఆపరేషన్‌కి ఆటగాడి పేరే స్థిరపడింది. ఇంత చేసినా, తెగాక కట్టడంకన్నా తెగకుండా కాపాడుకోవడమే మంచిదని పిచర్‌కి ఒక మ్యాచ్ తర్వాత నాలుగైదు రోజులు విశ్రాంతి ఇస్తారు. ఏడాదికి 162 మ్యాచ్‌లుంటే 2025లో స్కీన్స్ 32 మ్యాచ్‌ల్లోనే ఆడాడు. ఐదు రోజులకి ఒక రోజన్నమాట.

ఈ కాపలాని చాదస్తం అనకండి. 1976లో డెట్రాయిట్‌లో మార్క్ ఫిడ్రిచ్ అనే 21 ఏళ్ళ కుర్రాడు వచ్చాడు. బంతితో మాట్లాడేవాడు, దిబ్బ మీద మోకాళ్ళమీద కూర్చుని మట్టి సర్దుకునేవాడు. 19 మ్యాచ్‌లు గెలిచాడు. వాటితోపాటు మొదలుపెట్టిన మ్యాచ్‌ని చివరిదాకా తనే ముగించడం 24 సార్లు. ఊరు వెర్రెత్తిపోయింది. మరుసటి ఏడాది మోకాలు దెబ్బతింది, ఆ తర్వాత భుజం. 1980కి పై లీగ్‌లో అతని ఆట అయిపోయింది. మొదటి ఏడాది 19 గెలిచినవాడు మిగతా జీవితమంతటిలో గెలిచింది 10. ఊరి ప్రేమ ఒక్క వేసవిలో పుట్టగలదు అనడానికి ఫిడ్రిచ్ సాక్షి. ఒక్క భుజంతో అది ఎలా ఆగిపోతుందో చెప్పడానికీ అతనే సాక్షి.

ఇక మనసు సంగతి. 1968లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. అర్థంలేని మాటలు, ఎన్నడూ చూడని లిపిలోని అక్షరాలు, తెలియని మొహాల ఫొటోలు జనానికి చూపించాడు. కొన్ని ఒకటి రెండుసార్లు, కొన్ని పాతిక దాకా. ఎక్కువసార్లు చూసినవే ఎక్కువ నచ్చాయన్నారు. ఏ కారణమూ లేదు, చూడటమే కారణం. మరి రోజూ ఆడే ఫీల్డర్ ఏడాదికి నూట యాభై సార్లు కనిపిస్తాడు, ఐదు రోజులకోసారి వచ్చే పిచర్ ముప్ఫై రెండు సార్లు. ఆ లెక్కన చూస్తే స్కీన్స్‌కి మొదట్లోనే నష్టం.

కానీ ఇంకో లెక్క ఉంది, అది నాకు మరీ ఇష్టం. 1990ల్లో స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమీన్ విడుదల చేసే కణాల్ని గమనించాడు. అనుకోకుండా పళ్ళరసం చుక్క నోట్లో పడితే ఆ కణాలు చురుగ్గా మోగాయి. రసానికి ముందు ఎప్పుడూ ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక, రసానికి మోగడం మానేసి దీపానికే మోగడం మొదలెట్టాయి. ఆవకాయ జాడీ వాసెన విప్పగానే, ముద్ద నోట్లో పడకముందే మీకు నోరూరుతుందే, అలాగన్నమాట. పిట్స్‌బర్గ్ జనానికి స్కీన్స్ ఆడే రోజు ఆ దీపం. ఆట సాయంత్రమైతే సంబరం పొద్దున్నే మొదలవుతుంది. ఓడిపోవడం అలవాటైన ఊళ్ళో ఐదు రోజులకోసారి ఖాయంగా వచ్చే ఆశ రోజూ కనిపించే మామూలు ఆటగాడికన్నా లోతుగా నాటుకుంటుందని నా నమ్మకం.

షుల్ట్జ్ ఇంకో సంగతి కూడా చూశాడు. దీపం వెలిగి రసం రాకపోతే ఆ కణాలు మామూలుకన్నా కిందికి పడిపోతాయి. 2025 ఏడాదంతా పిట్స్‌బర్గ్‌కి జరిగింది అదే. పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులు ఇస్తున్నాడో చూసే లెక్క ఒకటుంది. మూడు లోపు ఉంటే చాలా గొప్ప. స్కీన్స్‌ది 2024లో 1.96, 2025లో 1.97. ఆ రెండో ఏడాది 216 మందిని స్ట్రైకౌట్ చేశాడు. లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ బహుమతి ఒక్క ఓటు కూడా పక్కకి పోకుండా అతనికే వచ్చింది. పైరేట్స్ చరిత్రలో 1960లో వెర్న్ లా, 1990లో డగ్ డ్రాబెక్ తర్వాత అతనే. అలాంటివాడి గెలుపోటముల పట్టీ చూడండి: 10 గెలుపులు, 10 ఓటములు. మే 18న ఫిలడెల్ఫియాలో ఎనిమిది ఇన్నింగ్స్ మొత్తం తనే వేసి, మూడే హిట్లిచ్చి, 0-1తో ఓడిపోయాడు. అతనికి పరుగులు చేసిపెట్టేవాళ్ళు లేరు. జట్టు 71 గెలిచి 91 ఓడింది. స్టేడియంలో జనం ‘జట్టుని అమ్మెయ్’ అని యజమానిని ఉద్దేశించి అరిచారు. ఆ కోపం న్యాయమైనదనే అంటాను నేను.

గెలుపు ఎందుకంత ముఖ్యం? 1970ల్లో రాబర్ట్ చాల్డీనీ, అతని తోటివాళ్ళు ఏడు యూనివర్సిటీల్లో సోమవారాలు క్లాసుల్లో కూర్చుని విద్యార్థుల చొక్కాలు లెక్కపెట్టారు. శనివారం తమ ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే సోమవారం యూనివర్సిటీ పేరున్న చొక్కాలు ఎక్కువ కనిపించేవి. ఆట గురించి చెప్పమంటే గెలిచినప్పుడు ‘మనం గెలిచాం’ అనేవాళ్ళు, ఓడినప్పుడు ‘వాళ్ళు ఓడారు’ అని జరుక్కునేవాళ్ళు. ఆ ఏడింటిలో స్కీన్స్ చదివిన లూయిజియానా స్టేట్ ఒకటి, పిట్స్‌బర్గ్ ఇంకొకటి. ఒక్కడి ప్రతిభని జనం మెచ్చుకుంటారు, చప్పట్లు కొడతారు. ‘మనం’ అనడానికి మాత్రం జట్టు గెలవాలి.

2013 అక్టోబరు 1 రాత్రి ఆ ఊళ్ళో ఏం జరిగిందో వింటే మీకు బాగా అర్థమవుతుంది. 20 ఏళ్ళ ఓటముల తర్వాత పైరేట్స్ మొదటిసారి నాకౌట్ ఆట ఆడుతున్నారు. స్టేడియం నిండా నల్ల చొక్కాలే. అవతలి జట్టు సిన్సినాటి, పిచర్ జానీ క్వేటో. రెండో ఇన్నింగ్స్‌లో నలభై వేలమంది ఒకే గొంతుతో అతని పేరుని సాగదీసి పలకడం మొదలెట్టారు, క్వే...టో అని. దిబ్బ మీద నిలబడ్డ క్వేటో చేతిలోంచి బంతి జారి నేలమీద పడింది. ఆ తర్వాతి బంతినే రసెల్ మార్టిన్ గోడ అవతలికి కొట్టాడు. ఆ బంతిని జారవిడిపించింది తామేనని ఆ రాత్రి అక్కడున్న ప్రతివాడూ ఇప్పటికీ నమ్ముతాడు. స్కీన్స్ తన మొదటి రెండేళ్ళలో అలాంటి అక్టోబరు రాత్రి ఒక్కటి కూడా ఆడలేదు. ఆడే అవకాశం జట్టు అతనికి ఇవ్వలేదు.

ఊరి గుండెలో చోటు తొందరగా దొరకదనడానికి రొబెర్టో క్లెమెంటే కథ వినండి. ప్వేర్టో రీకో నుంచి 20 ఏళ్ళ వయసులో 1955లో పైరేట్స్‌కి వచ్చాడు. నల్లటి ఒళ్ళు, స్పానిష్ మాతృభాష. పత్రికలు అతని ఇంగ్లీషుని అతను పలికినట్టే అచ్చువేసి అవమానించేవి. అతను తల వంచలేదు. 1960లో, 1971లో వరల్డ్ సిరీస్ గెలిపించాడు. 1972 సెప్టెంబరు 30న 3,000వ హిట్ కొట్టాడు. అదే ఏడాది డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. ఇవాళ స్టేడియంకి వెళ్ళే పసుపు రంగు వంతెనకి అతని పేరు. ఆట రోజుల్లో దానిమీద బళ్ళు ఆపేస్తారు, జనం నడిచి వెళ్తారు. కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, అతని చొక్కా నంబరు 21. 2025 ఏప్రిల్‌లో ఆ గోడమీద అతని గుర్తు తీసి అక్కడ ఒక ప్రకటన పెడితే ఊరూ కుటుంబమూ భగ్గుమన్నాయి. క్లబ్బు క్షమాపణ చెప్పి గుర్తుని తిరిగి పెట్టింది. మనిషి పోయి యాభై ఏళ్ళు దాటినా ఆ గోడమీద అతని నంబరు కనబడకపోతే ఒప్పుకోలేదు ఆ ఊరు.

సిడ్నీ క్రాస్బీ సంగతి వేరు. 2005లో 18 ఏళ్ళకే హాకీ జట్టు పెంగ్విన్స్‌కి వచ్చాడు. అప్పటి జట్టు యజమాని, గొప్ప ఆటగాడు మరియో లెమ్యూ తన ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నాడు. 2009లో 21 ఏళ్ళ కెప్టెన్‌గా స్టాన్లీ కప్ ఎత్తాడు. 2016లో, 2017లో మళ్ళీ. అతని చొక్కా నంబరు 87. 2024లో ఒప్పందం పొడిగించుకున్నప్పుడు కూడా ఏడాదికి 87 లక్షల డాలర్లకే సంతకం పెట్టాడు. మార్కెట్లో అంతకన్నా చాలా ఎక్కువ వచ్చేది. అదే ఊళ్ళో ఉండిపోవాలనుకున్నాడు. కుర్రవాడు ఊరికి అభిమాన ఆటగాడు కాగలడా అంటే పిట్స్‌బర్గ్‌లో దానికి జవాబు ఇరవై ఏళ్ళుగా నడుస్తూనే ఉంది.

బేస్‌బాల్‌లో అలా ఉండిపోవడం చాలా కష్టం. హాకీలో, ఫుట్‌బాల్‌లో ఏ జట్టయినా ఆటగాళ్ళ జీతాలకి ఇంతకి మించకూడదని హద్దుంది. బేస్‌బాల్‌లో అలాంటి గట్టి హద్దు లేదు. డబ్బున్న పెద్ద నగరాల జట్లు మంచివాళ్ళని ఎగరేసుకుపోతాయి. 1992 తర్వాత పైరేట్స్ తార బారీ బాండ్స్ శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్ళాడు. 2018 జనవరిలో రెండు రోజుల తేడాతో గెరిట్ కోల్‌నీ ఆండ్రూ మెకచెన్‌నీ క్లబ్బు వేరే జట్లకి ఇచ్చేసింది. మెకచెన్ 2023లో తిరిగొచ్చినప్పుడు స్టేడియం మొత్తం లేచి నిలబడింది. స్కీన్స్ లీగ్ నియమాల ప్రకారం 2029 దాకా పైరేట్స్ చేతిలోనే ఉంటాడు. ఆ తర్వాత ఎవరితోనైనా సంతకం పెట్టొచ్చు. వస్తువు దొరికిన ఆనందంకన్నా పోయిన బాధే మనిషికి ఎక్కువ బరువని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్స్కీ 1979లో చూపించారు. పిట్స్‌బర్గ్ జనం స్కీన్స్‌ని చూస్తూనే ఓ పక్క అతను వెళ్ళిపోయే రోజుని లెక్కపెట్టుకోవడంలో వింతేమీ లేదు. ఇష్టం లేక కాదు, ఇదివరకు దెబ్బలు తగిలాయి కాబట్టి.

ఆ ఇష్టం ఎంతుందో ఒక బొమ్మకార్డు చెప్పింది. స్కీన్స్ మొదటి మ్యాచ్ చొక్కామీది గుర్తు ముక్క కోసి అతికించి, అతని సంతకంతో ఒకే ఒక్క కార్డు చేశారు. 2024 క్రిస్మస్‌కి కాలిఫోర్నియాలో ఒక పదకొండేళ్ళ పిల్లాడికి పొట్లంలో అది దొరికింది. కార్డు తిరిగిస్తే 30 ఏళ్ళపాటు హోమ్ ప్లేట్ వెనక రెండు సీట్లు ఇస్తామని పైరేట్స్ అడిగారు. ఆ కుటుంబం వేలానికే పెట్టింది. 2025 మార్చిలో అది 11 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. కొన్నది పిట్స్‌బర్గ్ పక్కనే ఉండే డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ కంపెనీ. ఊరివాళ్ళే కొనుక్కుని ఊరికి తెచ్చుకున్నారన్నమాట.

నా జవాబు అడిగితే, స్కీన్స్ కాగలడు. ఇవాళ్టికి ఆ చోటు క్రాస్బీదే. కానీ క్రాస్బీ 1987లో పుట్టినవాడు, ఇంకెన్నాళ్ళో ఆడడు. ఆ తర్వాత ఖాళీ అయ్యే చోటుకి స్కీన్స్‌కన్నా తగినవాడు ఆ ఊళ్ళో నాకు కనబడటం లేదు. అతని చేతిలో ఉన్నదంతా అతను చేస్తున్నాడు. మిగతా రెండు పనులు క్లబ్బువి. ఒకటి, అతను ఒక్క పరుగిచ్చిన రోజున రెండు పరుగులు చేసిపెట్టగల బ్యాటర్లని తేవడం. రెండు, 2029 దాకా ఆగకుండా ఇప్పుడే డబ్బు బయటికి తీసి, ఇతను ఇక్కడే ఉంటాడని జనానికి కాగితం మీద చూపించడం. క్లెమెంటే 18 ఏళ్ళు పైరేట్స్‌కే ఆడాడు. 2025 ముగిసేసరికి స్కీన్స్‌కి ఆ ఊళ్ళో రెండేళ్ళే అయ్యాయి.